నా తోడికోడలితో నంది కొండ మీద

నా తోడికోడలికి విషజ్వరం రాబట్టి నేను నంది కొండ చూశాను. ఆ జ్వరమే రాకపోయి ఉంటే, బెంగళూరికి అంత దగ్గర్లో ఉన్న కొండను మిద్దె మీద నుంచి చూసుకుంటూనే నా వయసంతా గడిచిపోయేది.

మాది కబ్బన్‌పేటలో పట్టునేత ఇల్లు. ముందు గదిలో మగ్గాలు, వెనక వంటిల్లు, ఆ రెండింటి మధ్య మేము. నేను పుట్టింది కూడా ఆ పేటలోనే. రెండు సందులు దాటి కోడలిగా వచ్చాను, అంతే. వాన వెలిసిన మర్నాడు మిద్దె ఎక్కితే ఉత్తరాన ఆ కొండ నీలంగా, పడుకున్న ఎద్దు మూపురంలా కనిపించేది. ఒడియాలు ఎండబెట్టడానికి ఎక్కినప్పుడల్లా చూసేదాన్ని. పెళ్ళయిన కొత్తలో మా ఆయనను అడిగాను, ఒక్కసారి నందికి తీసుకుపొమ్మని. "ఈ పడుగు అయిపోనీ, పోదాం" అన్నాడు. ఆ పడుగు అయిపోయింది. ఇంకో పడుగు ఎక్కింది. నేత ఇంట్లో మగ్గం మీద పడుగు లేని రోజంటూ ఉండదని నాకు తెలిసివచ్చేసరికి ఇద్దరు కూతుళ్ళు పుట్టారు.

మా మరిదికి మగ్గం అబ్బలేదు. యుద్ధం మొదలయ్యాక విమానాల కార్ఖానాలో పనికి చేరాడు. ప్యాంటు, సైకిలు, ఆదివారం సెలవు. మా పేటలో ఆదివారానికి అర్థం ఉన్న మనిషి అతనొక్కడే. మేమంతా అమావాస్యకు మగ్గం ఆపుకునే వాళ్ళం. అతనికి సర్జాపురం నుంచి పిల్లను తెచ్చారు. ఆమె వచ్చిన ఏడాదే లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూసింది, టాకీసుకు పోయింది, దొరలుండే దండు వైపు పోయి ఐస్‌క్రీము తినివచ్చి ఎలా ఉందో మా అందరికీ చెప్పింది. ఆమె జుట్టు మోకాళ్ళు దాటేది. తలంటిన రోజు ఆ జుట్టు ఆరబెట్టి చిక్కు తీయడం నా వంతు. మా అత్త మమ్మల్నిద్దర్నీ చూసి, పెద్దదానికి పని తెలుసు, చిన్నదానికి ముచ్చట తెలుసు అనేది. ఆ మాట మెచ్చుకోలని అందరూ అనుకునేవారు, నేను తప్ప.

తరవాత ఆమెకు జ్వరం వచ్చింది. ఆ రోజుల్లో ఆ జ్వరానికి చేసేదేమీ లేదు. తడిగుడ్డ, బార్లీ నీళ్ళు, దేవుడు. ఆమె పక్కన నేనే కూర్చున్నాను. మూడో వారంలో మనిషి మనిషిగా లేదు. జుట్టు గుప్పిళ్ళు గుప్పిళ్ళుగా ఊడివస్తుంటే, మిగిలింది కూడా తీసేయించారు. ఆమె బతకాలని నేను నిజంగానే మొక్కుకున్నాను. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని, మొదటిసారి రసం అన్నం అడిగిన రోజు నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ మర్నాటి నుంచే నా కడుపుమంట మళ్ళీ మొదలైంది. రెండూ నిజమే.

డాక్టరు వచ్చి, చల్లటి చోట, కొండ గాలిలో ఒక పదిహేను రోజులు ఉంచితే తొందరగా కోలుకుంటుందన్నాడు. ఆ సాయంత్రమే మా మరిది నంది అన్నాడు. ఎవరూ పడుగు మాట ఎత్తలేదు. రెండు రోజుల్లో అతనికి సెలవు దొరికింది, కొండ మీద గది కుదిరింది. ఆమెకు ఉన్ని శాలువా వచ్చింది. ఆఖరున మా అత్త నన్ను పిలిచి, వంటకు నువ్వు పో, పిల్లలను నేను చూసుకుంటా అంది. నేను పాత కంబళి దులిపి మూట కట్టుకున్నాను.

చిన్న రైల్లో నంది స్టేషన్‌కు, అక్కడ నుంచి జట్కాలో కొండ అడుగుకు చేరాం. మెట్ల దగ్గర డోలీ సిద్ధంగా ఉంది. ఆమె డోలీలో కూర్చుంది. మా మరిది పక్కన గొడుగు పట్టుకుని నడిచాడు. నేను ఇత్తడి గిన్నెల మూట చంకన పెట్టుకుని వెనక ఎక్కాను. ఎన్నేళ్ళుగానో చూడాలనుకున్న కొండ ఎక్కుతూ నేను చూసింది ఆ డోలీ అడుగుభాగం, దాన్ని మోసేవాళ్ళ మడమలు. సగం దారిలో ఒక పాతకోట వాకిలి దగ్గర దించారు. ఆమె నా వైపు చూసి, "అక్కా, నువ్వు స్వల్పసేపు దీంట్లో కూర్చుంటావా? నేను మెల్లగా నడుస్తా" అంది. మోసేవాళ్ళు నవ్వారు. ఆమె ఎగతాళికి అనలేదని నాకు తెలుసు. అందుకే ఇంకా మండింది. నేను ఆమెకు చెంబుతో నీళ్ళిచ్చాను.

కొండ మీద గుడి పూజారి ఇంటి పక్కన మాకొక గది, చిన్న వసారా. పొద్దున తలుపు తీస్తే మబ్బు ఇంట్లోకి వచ్చేది. వచ్చి పొయ్యి చుట్టూ తిరిగేది. కట్టెలన్నీ చెమ్మ. ఊది ఊది కళ్ళు వాచాక, ఎండిన నీలగిరి ఆకులు తెచ్చి వేస్తే అంటుకుంటుందని పూజారి భార్య చెప్పింది. ఊళ్ళో బియ్యం కార్డు మీద ఇచ్చే రోజులవి. తెచ్చుకున్న బియ్యం నా తోడికోడలికి, రాగిసంకటి మా ఇద్దరికీ. కోతులు వాసన పసిగట్టి కిటికీకి వేలాడేవి.

ఎండ రాగానే మా మరిది వసారాలో పేము కుర్చీ వేసేవాడు. ఆమె శాలువా కప్పుకుని కూర్చునేది. అతను పేపరు చదివి వినిపించేవాడు, నారింజ ఒలిచి తొనలు పెట్టేవాడు. నేను స్నానం చేసి అదే వసారా చివర కూర్చుని తల దువ్వుకునేదాన్ని. నేను దువ్వెన తీయగానే ఆమె కుర్చీని లోయ వైపు తిప్పించుకునేది. నా మొహం చూడటం కూడా ఇష్టం లేదు కాబోలు అనుకునేదాన్ని.

నాలుగు రోజులయ్యాక ఆమెకు కొంచెం నడిచే ఓపిక వచ్చింది. సాయంత్రాలు అతను చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఏదో ఒక చోటికి తీసుకుపోయేవాడు. తిరిగి వచ్చాక అన్నం తింటూ ఆమె చెప్పేది. టిప్పు సుల్తాను ఎండాకాలంలో వచ్చి ఉండిన మిద్దె చూశారట, లోపల గోడల మీద పూలు గీసి ఉన్నాయట. అమృత సరోవరంలో నీళ్ళు తాగారట. ఆ మూల పాలారు నది పుట్టిందట, ఈ మూల అర్కావతి. ఖైదీలను కిందికి తోసేవారని చెప్పే బండ దగ్గర గాలికి నిలబడలేకపోయిందట. "నన్ను పట్టుకోకుంటే ఎగిరిపోతా ఉంటి, అక్కా" అని నవ్వింది. కొండ మీదే ఉండి కూడా కొండను నేను చెవులతోనే చూస్తున్నాను.

పోయేటప్పుడు అతను నన్ను పిలవకపోలేదు. చెప్పులు వేసుకుంటూ, వదినా నువ్వూ రారాదా అనేవాడు. పొయ్యి మీద పప్పు ఉండాది అనేదాన్ని. సరే అని పోయేవాడు. ఆ పప్పు దించి రా అని ఎవరైనా అంటారేమోనని ప్రతిరోజూ చూశాను.

అమావాస్య వచ్చింది. మగ్గాలు ఆపే రోజు గనక మా ఆయన వస్తాడని తెలుసు. ఆ పొద్దున నేను ఉన్నవాటిల్లో మంచి చీర కట్టుకున్నాను, పూజారి భార్య ఇచ్చిన రోజాపూవు పెట్టుకున్నాను. ఆయన మెట్లెక్కి, చొక్కా అంతా చెమటతో వచ్చాడు. పిల్లలు బాగున్నారని చెప్పాడు. మా అత్త పంపిన రాగిపిండి, చింతపండు, నెయ్యి దించాడు. తరవాత సంచి అడుగు నుంచి కాగితం పొట్లం తీసి, విప్పి, లోపలిది నా చేతిలో పెట్టాడు.

పట్టు గుడ్డ. నెమలికంఠం రంగు, సన్నటి జరీ అంచు. ఒక మూర వెడల్పు కూడా లేదు, అమ్మడానికి నేసింది కాదని చూస్తేనే తెలుస్తుంది. ఆ పట్టు నేను గుర్తుపట్టాను. కొండకు బయల్దేరే ముందు రోజు దాన్ని కండెలకు చుట్టింది నేనే. ఇదెవరికని అడిగితే, మిగిలిన పట్టులే అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నేసిన చీరలు ఎవరెవరి పెళ్ళిళ్ళకో పోయాయి గాని నా కోసం ఒక రుమాలు నేసింది లేదు. నేను ఆ గుడ్డను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

"మీ చెల్లెలికి ఇయ్యి. తలకి చలి తగలకుండా కట్టుకుంటాది" అన్నాడు.

తమ్ముడి పెళ్ళాం చేతికి నేరుగా ఇవ్వడం మా ఇళ్ళల్లో పద్ధతి కాదు. అందుకని నా చేతికి వచ్చింది. నేను తీసుకుపోయి ఇచ్చాను. ఆమె అక్కడే తలకు కట్టుకుని అద్దం అడిగింది. జుట్టు లేని తల మీద కూడా అది ఆమెకు అందంగానే ఉంది.

అందరికీ వడ్డించాను. తిన్నాక ఆయన చాప పరుచుకుంటుంటే, ఆ బండ దాకా పోయివద్దాం, నేనింకా చూడలేదు అన్నాను. "ఏముండాది ఆడ చూసేదానికి? రాళ్ళే కదా. కాళ్ళు నొస్తా ఉండాయి" అని పడుకున్నాడు. మా మరిది బయట అరుగు మీద కునుకుతున్నాడు. ఆమె తలగుడ్డతోనే నిద్రపోయింది. ఎంగిలి గిన్నెలు పొయ్యి దగ్గర అలాగే ఉన్నాయి. నేను చెయ్యి కడుక్కుని, వాటిని దాటుకుని బయటికి నడిచాను. అలా పోవడం తప్పని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

ముందు బండ దగ్గరికి పోయాను. గాలి నిజంగానే మనిషిని నెట్టేస్తుంది. కింద చేలు, ఊళ్ళు, పట్టు మీద పడ్డ నీటి మరకల్లాగా చెరువులు. దక్షిణం వైపు మా ఊరి కోసం వెతికాను. పొగమంచు తప్ప ఏమీ లేదు. ఇంత బాగుందని ఆమె చెప్పలేదు, లేదా చెప్పిందేమో, నేను విననేలేదు. కాసేపు నిలబడ్డాక ఇంకా ముందుకు పోవాలనిపించింది. కొండ కింద నంది ఊళ్ళో భోగనందీశ్వరుడి గుడి ఉందని పూజారి భార్య చెప్పి ఉండింది. కొండ మీద ఉన్న స్వామి యోగి, ఆయనకు పెళ్ళీ లేదు ఊరేగింపూ లేదు, భోగమంతా కింది స్వామికే అని ఆమె మాట. ఎక్కేటప్పుడు చూడని మెట్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ దిగి, ఎండలో నడిచి ఆ గుడికి చేరాను.

రెండు గర్భగుళ్ళ మధ్య నల్లరాతి కల్యాణమంటపం. స్తంభాల మీద తీగలు, తీగల మీద చిలకలు. రాతిలో అంత సన్నగా పూలు పూయించవచ్చని నేనెన్నడూ అనుకోలేదు. వాకిట్లో ఒక ముసలామె దగ్గర వేయించిన శనక్కాయలు కొనుక్కుని మంటపం పక్కన కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఆకలి వేసింది. ఎవరికీ వడ్డించకుండా, ఎవరూ పిలవకుండా, నాకోసమే కొనుక్కున్న కాయలు ఒలుచుకుని తినడం అదే మొదటిసారి.

పొద్దు వాలుతుండగా మా ఆయన వచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, నన్ను చూసి, మంటపం దగ్గరే ఆగిపోయాడు.

"ఈడ ఉండావా" అన్నాడు. కొంచెం సేపు ఊపిరి తీసుకున్నాడు. "తమ్ముడు ఆ బండకాడ నిలబడి కిందికి వంగి వంగి చూస్తా ఉండాడు. నాకి గుండె ఆగిపాయ."

"దూకేదానికి నాకేమి ఖర్మ?" అన్నాను.

ఈ గుడి గురించి అక్క అడుగుతా ఉండె అని ఆమె చెప్పిందట, అందుకని దిగివచ్చాడట. యాల వస్తివి చెప్పకుండా అని అడిగాడు.

"చూసేదానికి వస్తిని. పెండ్లయినప్పటి నుంచి అడుగుతా ఉండా. ఆమె అడక్కుండానే అందరూ కలిసి మోసుకొని వస్తిరి."

ఆయన నా పక్కన, కొంచెం ఎడంగా కూర్చున్నాడు. "ఆ గుడ్డ గురించేనా?"

"గుడ్డ గురించి కూడా."

మా ఆయన మాటలు తక్కువ మనిషి. ఆ రోజు చెప్పినన్ని మాటలు ముందూ చెప్పలేదు, తరవాతా చెప్పలేదు. ఆయనకు ఒక చెల్లెలు ఉండేదని, చిన్నప్పుడే పోయిందని నాకు తెలుసు. పోయింది ఈ జ్వరంతోనేనని, ఇలాగే జుట్టు తీసేశాక పోయిందని అప్పుడు చెప్పాడు. ఆ పిల్లకు చలి వేస్తుందని వాళ్ళ నాయన పంచె చింపి తలకు కట్టాడట. తమ్ముడి పెళ్ళాం తల చూసినప్పుడల్లా ఆ పంచె గుడ్డే కళ్ళముందుకు వస్తోందన్నాడు. అది విన్నాక నా కోపం దిగిపోవాలి. దిగలేదు. ఆయన మనసులో అన్నేళ్ళుగా చోటు సంపాదించుకుని ఉన్న ఆ చిన్నపిల్ల మీద కూడా నాకు రవ్వంత అసూయ కలిగింది.

తరవాత ఆయన ఇంకో మాట చెప్పాడు. "నిన్ను పిలుచుకొని వచ్చింది కూడా ఆ యమ్మే. కండెలు చుట్టేదానికి నువ్వు కావల్లని, మా మేనత్తను పంపుదామని అమ్మ అనింది. అక్క రాకుంటే నేనూ పోనని ఆ యమ్మి పట్టుపట్టె. అక్కకి నంది అంటే ఆశ అనింది."

ఎవరికైనా ఆ మాటతో మనసు కరుగుతుంది. నాకు మాత్రం మొహం మీద కొట్టినట్లయింది. నా భర్త నాకు చూపించలేని కొండను కూడా ఆమే నాకు ఇచ్చిందన్నమాట. తీసుకోవడం తప్ప ఆమె నాకు ఇంకేమీ మిగల్చలేదు.

"నేనడిగితే పడుగు అయిపోలేదు" అన్నాను.

దూరంగా రైలు కూసింది. ఆయన ఎక్కాల్సిన రైలు. ఇద్దరం విన్నాం. ఆయన లేవలేదు. నా ఒళ్ళో పొట్లంలోంచి రెండు కాయలు తీసుకుని ఒలుచుకుంటూ, "పోనీ. రేపు ఒక్క దినం మగ్గం ఆడకుంటే కొంప మునగదు" అన్నాడు.

చీకటి పడుతుండగా పైకి చేరాం. ఆమె పొయ్యి అంటించింది. గది నిండా పొగ, సగం ఉడికిన అన్నం, ఎర్రబడ్డ కళ్ళు. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. నన్ను చూసి, "అక్కా, నా మీద కోపం ఉంటే తిట్టు. ఇట్ల పోవద్దు" అంది. కోపమేమీ లేదన్నాను. అన్నంలో ఇంకొంచెం నీళ్ళు పోయమన్నాను.

మర్నాడు మా ఆయన నన్ను కొండంతా తిప్పాడు. ఆయనకు దారి తెలియదు, నాకూ తెలియదు. ఒకే చోటికి రెండుసార్లు వచ్చాం. టిప్పు మిద్దె కిటికీలోంచి తొంగిచూశాం. దొరల బంగళా ముందు ఒక దొరసాని కుక్కకు స్నానం చేయిస్తుంటే ఆగి చూశాం. బండ దగ్గర నేను అంచు దాకా పోయాను. ఆయన వద్దనలేదు. నా పైటకొంగు పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుని, వెనక ఒక రాయికి కాలు తన్నిపెట్టి నిలబడ్డాడు. గాలికి నా ముడి ఊడిపోయి జుట్టంతా మొహాన పడింది. నేను చాలాసేపు అక్కడే ఉన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు అలాగే జుట్టు విరబోసుకుని వచ్చాను. వసారాలో ఆమె ఒక్కతే ఉంది. మా ఆయన వాకిట్లో ఆగి, నా జుట్టులో చిక్కుకున్న నీలగిరి ఆకును తీసి పారేశాడు. నేను తలెత్తేసరికి ఆమె మమ్మల్నే చూస్తోంది. నా జుట్టును చూసింది, ఆయన చేతిని చూసింది. తరవాత మొహం లోయ వైపు తిప్పుకుంది. ఆ చూపు నాకు కొత్త కాదు. రెండేళ్ళుగా నా కళ్ళల్లో ఉన్నది అదే. రోజూ పొద్దున ఆమె కుర్చీ ఎందుకు తిప్పించుకునేదో అప్పుడు తెలిసింది.

నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది. ముందు సంతోషం వేసింది. నన్ను చూసి ఒకరు, అదీ ఆమె, ఓర్వలేకపోవడం ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. సాయంత్రం రైలుకు మా ఆయన పోయాడు. ఆ రాత్రి రాగిసంకటి కూడా రుచిగా ఉంది. కానీ మర్నాటి నుంచి తల దువ్వుకోవడం వసారాలో మానేసి గదిలోకి మార్చుకున్నాను. జాలితోనా, గెలిచానన్న ధీమాతోనా అంటే నాకే తెలియదు. ఆమె గమనించింది. ఆ సాయంత్రం మా మరిది చెప్పులు వేసుకుంటుంటే, పప్పు దించి అక్కను రమ్మను, లేకుంటే నేనూ రాను అంది. పోయాను.

మేం దిగివచ్చాక ఏడాదిన్నరకు ఆమెకు భుజాల దాకా జుట్టు వచ్చింది. ముందుకన్నా ఒత్తుగా వచ్చింది. మా అత్త దిష్టి తీసింది. ఉప్పూ మిరపకాయలూ తెచ్చిచ్చింది నేను. యుద్ధం అయిపోయిన ఏడాది వాళ్ళు మల్లేశ్వరంలో వేరే ఇల్లు తీసుకుని పోయారు. అందులో కొళాయి ఇంట్లోకే వస్తుందని, వీధివైపు రెండు పెద్ద కిటికీలు ఉన్నాయని, మగ్గం చప్పుడు లేక మొదటి వారం ఆమెకు నిద్ర పట్టలేదని మా మరిది వచ్చి చెప్పాడు. నిద్ర పట్టలేదన్న మాట ఒక్కటే నాకు నచ్చింది. వచ్చి చూడు అక్కా అని ఆమె ఎన్నిసార్లు కబురు పంపినా, పని ఉందని ఏడాది దాకా పోలేదు. ఆఖరికి మా చిన్నపిల్ల పోరు పడలేక ఒక రోజు పోయాను. ఆమె ప్రతి గదీ తిప్పి చూపించింది, కొళాయి తిప్పి నన్ను కాళ్ళు కడుక్కోమంది, కిటికీ పక్కన కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. ఇల్లు ఎట్లుండాది అక్కా అని అడిగింది. కాఫీలో చక్కెర ఎక్కువైందని చెప్పాను. ఇల్లు చాలా బాగుంది.